ఓడితే కోచ్, మునిగితే ఎవరు?

అమలాపురంలో రాత్రి బస్సెక్కి పొద్దున్నే గచ్చిబౌలిలో దిగే మా కోనసీమ కుర్రాళ్ళలో ఎంతమంది గమనించారో గానీ, వాళ్ళు రోజూ ఆఫీసుకెళ్ళే దారిలో ఉన్న స్టేడియానికి మనూరాయన పేరే పెట్టారు. జి.ఎం.సి. బాలయోగి అథ్లెటిక్ స్టేడియం. ఎదుర్లంకలో పుట్టి, అమలాపురం నుండి ఎంపీగా గెలిచి, 1998లో లోక్‌సభ స్పీకరై, 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన మన బాలయోగి గారే. ఆ స్థానంలో కూర్చున్న మొదటి దళితుడు ఆయన.

ఇప్పుడు ఆయన సంగతి ఎందుకంటే, ఆ స్టేడియాన్ని సొంతిల్లు చేసుకున్న ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. పేరు హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో పుట్టింది, 2022లో దేశంలో ఛాంపియన్ అయింది, 2025లో మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. పేరు కూడా మార్చేసుకుంది. ఆరేళ్ళలో ఇంత చరిత్ర! ఆ ఆరేళ్ళూ అభిమానులు వాదించుకున్నది మాత్రం ఒక్కటే విషయం. కోచ్ మంచోడా కాదా? వీడిని ఉంచాలా, తీసెయ్యాలా?

ఈ వాదన మనకి కొత్తేం కాదు. శనాదివారాలు మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్ చూసి సోమవారం క్యాంటీన్‌లో కొట్టుకునే బ్యాచ్ ప్రతి ఆఫీసులోనూ ఉంటుంది. 2013లో ఫెర్గూసన్ రిటైరయ్యాక మోయెస్, వాన్ గాల్, మౌరీన్యో, సోల్‌షేర్, టెన్ హాగ్.. ఇలా ఒకడు పోతే ఒకడు వచ్చాడు. వచ్చిన ప్రతివాడికీ సంచులకొద్దీ పౌండ్లు ఇచ్చారు. ప్రతివాడి విషయంలోనూ అదే తగువు. "ఇంత డబ్బు పోసి కొన్నాక కూడా గెలవకపోతే ఎలా?" అని ఒకడు, "టైమివ్వాలి కదా, ఫెర్గూసన్‌కి కూడా 1986లో వస్తే మొదటి కప్పు 1990లో గానీ రాలేదు" అని ఇంకొకడు. ఇద్దరి దగ్గరా పాయింటుంది. అందుకే ఆ తగువు తెగదు.

అసలు ఈ తగువు తెగకపోవడానికి కారణం మనం ఔట్‌పుట్ మాత్రమే చూసి ఇన్‌పుట్ గురించి అడక్కపోవడం అని నాకనిపిస్తుంది. అది మాంచెస్టర్ ఉదాహరణతో చెప్పడం కన్నా హైదరాబాద్ ఉదాహరణతో చెప్తే బాగా అర్థమవుతుంది. ఎందుకంటే దేశం మొత్తంలో కోచ్ అనే పదానికి ఒక అర్థం ఇచ్చింది హైదరాబాదే.

పదికి ఒకటి

సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, బళ్ళో మాస్టారుగా పనిచేశారు. అందుకే అందరూ ఆయన్ని రహీమ్ సాబ్ అనేవాళ్ళు. 2024లో వచ్చిన మైదాన్ అనే హిందీ సినిమా ఆయన మీదే. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యారు. ఆ జట్టు 1950 నుండి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. అవునండీ, వరసగా ఐదు! 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో భారత జట్టు ఫైనల్లో ఇరాన్‌ని 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. దానికీ ఆయనే కోచ్.

ఇక్కడిదాకా బానే ఉంది. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కి వెళ్ళారు. యుగోస్లావియాతో మ్యాచ్. చలిదేశం. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఉత్తికాళ్ళతో ఆడారు. స్కోరు 10-1. పది వాళ్ళవి, ఒకటి మనది. ఆ ఒక్క మ్యాచ్‌తో ఇంటికి.

ఇవాళైతే ఏమయ్యేది? మ్యాచ్ అవ్వకముందే కోచ్‌ని పీకెయ్యాలని ట్రెండింగ్ అయ్యేది. రహీమ్ సాబ్ విషయంలో అలా జరగలేదు. ఆ ఓటమి తర్వాత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. అంటే రూట్ కాజ్ పట్టుకున్నారన్నమాట. పది గోల్స్ తిన్నది కోచ్ బుర్ర తక్కువై కాదు. ఉత్తికాళ్ళతో మన బురద నేలల మీద ఆడే ఆట, యూరప్‌లో బూట్లేసుకుని ఆడే ఆట ఒకటి కాదు.

నాలుగేళ్ళ తర్వాత 1956లో మెల్‌బోర్న్‌కి జట్టుని తీసుకెళ్ళింది కూడా రహీమే. ఆ జట్టులో హైదరాబాద్ వాళ్ళు చాలామంది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, సికిందరాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, ఇక్కడే పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్. ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాని 4-2తో కొట్టారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. సెమీఫైనల్లో ఎదురొచ్చింది ఎవరో చెప్పండి? అదే యుగోస్లావియా. ముందు గోల్ కొట్టింది మనమే! చివరికి 4-1తో ఓడిపోయామనుకోండి. కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంలో ఆగాం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం చేరిన పైమెట్టు ఇప్పటికీ అదే.

10-1 నుండి 4-1. రెండూ ఓటమే. పాయింట్ల పట్టికలో రెండిటికీ సున్నాయే. ఆ రెంటి మధ్య ఎంత పని జరిగిందో పట్టికలో కనపడదు. మన అప్రైజల్ ఫారాల్లో కూడా కనపడదు, అది వేరే కథ :)

1962లో జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. మళ్ళీ అదే ప్రశ్న వెయ్యొచ్చు. ఆ తర్వాత థాయిలాండ్, జపాన్, దక్షిణ వియత్నాంలని దాటుకుని ఫైనల్‌కి వెళ్తే అక్కడ మళ్ళీ దక్షిణ కొరియానే. తలకి దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీమ్ సాబ్ ఫార్వర్డ్‌గా ఆడించారు. స్టేడియం నిండా జనం మనకి వ్యతిరేకంగా గోల చేస్తుంటే పి.కె. బెనర్జీ ఒకటి, ఆ జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. 2-1తో బంగారం. అప్పటికే ఆయనకి కాన్సర్. తర్వాతి ఏడాది జూన్ 11న పోయారు. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారం మనకి మళ్ళీ రాలేదు.

మరి డబ్బు సంగతి?

రహీమ్ సాబ్ చేతిలో ట్రాన్స్‌ఫర్ బడ్జెట్ అనేది లేదు. పోలీసు జట్టులో ఆటగాడికి దొరికేది పోలీసు ఉద్యోగం, దాని జీతం. కలకత్తా పెద్ద క్లబ్బులు పిలిస్తే కుర్రాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళిపోయాడు. అయినా హైదరాబాద్ 1956-57, 1957-58 రెండేళ్ళూ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఎందుకంటే ఒకడు పోతే ఇంకొకడిని తయారుచేసే పద్ధతి ఉండేది. ఆయన స్వతహాగా బడి పంతులు కదా, కుర్రాళ్ళకి చిన్న చిన్న పోటీలు పెట్టి, డ్రిబ్లింగ్ చెయ్యకుండా పాస్ ఇచ్చి ఆడమని, చేతకాని కాలితో కూడా తన్నమని నేర్పేవారట.

సంక్రాంతికి మా వైపు పందేల సంగతి మీకు తెలుసుగా (చట్టరీత్యా నేరం, చూసినట్టు ఎవరూ ఒప్పుకోరు!). డబ్బున్నోడు లక్ష పోసి పుంజుని కొనుక్కోవచ్చు. కానీ ఆర్నెల్లు దాన్ని మేపినవాడూ, ఈత కొట్టించినవాడూ ఎవడో ఉంటాడు. బరిలో గెలిచేది ఆ ఆర్నెల్లు. కొన్నవాడు దండ వేయించుకుంటాడు.

కొనడమే గెలుపు కాదనడానికి మన తెలుగువాళ్ళ కళ్ళముందే ఇంకో సాక్ష్యం ఉంది. అయితే అది క్రికెట్‌లో. 2008లో మొదటి ఐపీఎల్ వేలం. దక్కన్ ఛార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌ని 13.5 లక్షల డాలర్లకి కొంది, ఆర్.పి. సింగ్‌ని 8.75 లక్షలకి, రోహిత్ శర్మని 7.5 లక్షలకి, గిల్‌క్రిస్ట్‌ని 7 లక్షలకి. మన లక్ష్మణ్ కెప్టెన్. పైగా జట్టుకి కొనుక్కోడానికి ఎక్కువ డబ్బు మిగలాలని ఐకాన్ హోదా వదులుకున్నాడు పాపం. తీరా చూస్తే 14 మ్యాచ్‌లలో రెండే గెలుపులు, అట్టడుగు స్థానం. తిట్టని నోరు లేదు. మరుసటి ఏడాది గిల్‌క్రిస్ట్ కెప్టెన్, డారెన్ లేమన్ కోచ్. సైమండ్స్, రోహిత్, ఆర్.పి. సింగ్ మాత్రం అదే పాత సరుకు. 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగుళూరుని 6 పరుగులతో ఓడించి కప్పు ఎత్తారు.

అంటే కోచ్‌ని, కెప్టెన్‌ని మారిస్తే సరిపోతుందనా? ఆగండి, వస్తున్నా.

బ్రౌన్ పోయె, మార్కెజ్ వచ్చె

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019 ఆగస్టులో, మూతపడిన పుణె జట్టు స్థానంలో పుట్టింది. లీగ్ మొదలవడానికి రెండు నెలల ముందు! డెడ్‌లైన్ ముందు పెట్టుకుని రిక్వైర్‌మెంట్స్ రాసుకున్నట్టు. కోచ్ ఫిల్ బ్రౌన్. 2008లో హల్ సిటీని ప్రీమియర్ లీగ్‌కి చేర్చిన ఇంగ్లీషు దొర. మొదటి మ్యాచ్ కలకత్తాలో 5-0తో ఓటమి. గచ్చిబౌలిలో మొదటి మ్యాచ్ కేరళ మీద 2-1తో గెలిచారు, జనం సంబరపడ్డారు. తర్వాత మళ్ళీ ఓటములే ఓటములు. 2020 జనవరిలో బ్రౌన్‌ని పంపించేశారు. సీజన్ అయ్యేసరికి 18 మ్యాచ్‌లలో 10 పాయింట్లు, ఆఖరి స్థానం.

తర్వాత ఆల్బర్ట్ రోకా అన్నారు, ఆయన సీజన్ మొదలవకముందే బార్సిలోనా పిలిస్తే వెళ్ళిపోయాడు. అలా అనుకోకుండా 2020 ఆగస్టులో వచ్చాడు మనోలో మార్కెజ్, స్పెయిన్ దేశస్థుడు. పెద్ద పేర్లు కొనమని అడగలేదు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటి పాతికేళ్ళు కూడా లేని కుర్రాళ్ళని రోజూ ఆడించాడు. మొదటి ఏడాది ఐదో స్థానం, రెండు పాయింట్ల తేడాతో ప్లేఆఫ్ పోయింది. లిస్టన్‌ని కలకత్తా జట్టు ఎగరేసుకుపోయింది, అప్పటికి భారత ఆటగాళ్ళలో రికార్డు రేటు ఇచ్చి. బలరాం కథే మళ్ళీ, అరవై ఏళ్ళ తర్వాత.

అయినా జట్టు కూలలేదు. 2021-22లో ముంబై వదులుకున్న 37 ఏళ్ళ నైజీరియా వాడు ఓగ్‌బెచే 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్. కేరళ ముందు గోల్ కొట్టింది, ఆట చివర్లో సాహిల్ తవోరా సమం చేశాడు, పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. హైదరాబాద్ ఛాంపియన్. మరుసటి ఏడాది లీగ్‌లో రెండో స్థానం.

ఇక్కడ ఆపేస్తే కథ చాలా బాగుంటుంది. చెత్త కోచ్ పోయాడు, మంచి కోచ్ వచ్చాడు, శుభం.

ఎనిమిది పాయింట్లు

2023లో మార్కెజ్ గోవా వెళ్ళిపోయాడు. కోచ్‌గా థంగ్‌బోయ్ సింగ్టో వచ్చాడు. 2023-24లో 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి గెలిచి, 8 పాయింట్లతో అట్టడుగున పడ్డారు. గణాంకాలు మాత్రం చూస్తే దేశంలోకెల్లా చెత్త కోచ్ సింగ్టోనే. బ్రౌన్ కన్నా ఘోరం.

కానీ ఆ ఏడాది ఏం జరిగింది? ఆటగాళ్ళకి జీతాలు రాలేదు. బాకీలు తీర్చలేదని ఫిఫా కొత్తవాళ్ళని నమోదు చేసుకోకుండా నిషేధం పెట్టింది. విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఛాంపియన్ జట్టులోని మనవాళ్ళూ వేరే క్లబ్బులకి పోయారు. మిగిలింది అకాడమీ కుర్రాళ్ళు. సీనియర్లందరూ పేపర్లు పెట్టేశాక ట్రైనీలతో ప్రొడక్షన్ నడిపిన మేనేజర్‌ని మీరెప్పుడైనా చూశారా? డిసెంబర్ రిలీజ్ ఫెయిలైందని అతని మీద ఎస్కలేషన్ పెడితే ఎలా ఉంటుంది? అలాంటిదే ఇది. ఆ 8 పాయింట్లు ఎలా తెచ్చాడా అని ఆశ్చర్యపోవాలి అసలు.

2024లో యాజమాన్యం మారింది, అప్పటికే పుణ్యకాలం గడిచిపోయింది. ఆ డిసెంబర్‌లో సింగ్టోని కూడా తీసేశారు. జట్టు బాగుపడిందా? లేదు. 2025 అక్టోబర్‌కి హైదరాబాద్ ఎఫ్‌సీ అనేదే లేకుండా పోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

ఇందాక ఆపిన దక్కన్ ఛార్జర్స్ కథ కూడా ఇలాగే ముగిసింది. 2009లో కప్పు గెలిచిన జట్టుని 2012 సెప్టెంబర్‌లో బీసీసీఐ రద్దు చేసింది. యజమాని కంపెనీ అప్పుల్లో మునిగి, కోర్టు అడిగిన 100 కోట్ల బ్యాంక్ గ్యారంటీ ఇవ్వలేకపోయింది. చూడండి, మన రాజధానిగా ఉన్న ఊళ్ళో రెండు ఆటల్లో రెండు జట్లు దేశాన్ని గెలిచాయి. గెలిచిన మూడు నాలుగేళ్ళకే రెండూ చేజారాయి. ఏ కోచూ వాటిని చంపలేదు. లెక్కల పుస్తకం చంపింది.

అదే మనిషి, అదే స్టేడియం

ఇంకా నమ్మకం కుదరకపోతే చివరాఖరి సాక్ష్యం. 2024లో మార్కెజ్ భారత జట్టుకి కోచ్ అయ్యాడు. అతని మొదటి టోర్నమెంట్ ఎక్కడ జరిగిందనుకున్నారు? మన బాలయోగి స్టేడియంలోనే. ఆ సెప్టెంబర్‌లో మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. నవంబర్‌లో అక్కడే మలేషియాతో 1-1. మొత్తం 8 మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటి, మాల్దీవుల మీద. 2025 జూన్‌లో హాంకాంగ్ చేతిలో ఓడాక జూలైలో పదవి వదిలేశాడు.

హైదరాబాద్‌కి కప్పు తెచ్చినప్పుడు మేధావి. ఆ తర్వాత అదే మనిషి దద్దమ్మ అయిపోయాడా? అతని తప్పులు ఉండే ఉంటాయి. 2024-25లో గోవా క్లబ్బుకీ దేశానికీ ఏకకాలంలో కోచింగ్ ఇచ్చాడు, రెండు పడవల మీద కాళ్ళు. కానీ క్లబ్బులో అతనికి రోజూ కుర్రాళ్ళు చేతిలో ఉండేవాళ్ళు, కావలిస్తే ఓగ్‌బెచే లాంటివాడిని బయటినుంచి తెచ్చుకోగలిగాడు. జాతీయ జట్టుకి ట్రాన్స్‌ఫర్ మార్కెట్ ఉండదు. దేశంలో ఉన్నవాళ్ళతోనే సరిపెట్టుకోవాలి, అదీ మ్యాచ్‌కి ముందు దొరికే కొద్ది రోజుల్లో. గోల్ కొట్టేవాడు లేక, రిటైరైపోయిన నలభై ఏళ్ళ సునీల్ ఛెత్రీని వెనక్కి పిలిచాడు. ఆ గోల్ కొట్టేవాడిని పదిహేనేళ్ళ ముందు ఏదో ఊళ్ళో ఏదో పంతులు తయారుచేసి ఉండాల్సింది. రహీమ్ సాబ్‌కి ఆ పంతుళ్ళ వ్యవస్థ ఉంది, దాన్లో సగం ఆయనే. మార్కెజ్‌కి అది లేదు.

ఇంత చెప్పి కోచ్‌ని ఎప్పుడూ తప్పుపట్టకూడదు అంటున్నానా? కాదు. బ్రౌన్‌ని మార్చడం వల్ల మేలే జరిగింది. 2009లో లేమన్ రావడం వల్ల కూడా. చేతిలో సరుకు ఉండి కూడా వంట చెడితే వంటవాడిని అడగాల్సిందే. గోడౌన్‌లో బియ్యమే లేనప్పుడు వంటవాడిని మార్చుకుంటూ పోతే ఆకలి తీరదు, అంతే నేననేది.

అందుకని ఏ జట్టు ఓడినా స్కోరు కన్నా ముందు నేను అడిగేవి మూడు. ఆటగాళ్ళని ఎంచుకున్నది కోచా, యజమానా? జీతాలు ఒకటో తారీఖున పడుతున్నాయా? పోయినవాడి స్థానంలోకి రావడానికి కింద ఎవరైనా తయారవుతున్నారా? మొదటిదానికి జవాబు కోచ్ అయితే, మిగతా రెంటికీ అవును అయితే, అప్పుడు తిట్టండి, నేనూ గొంతు కలుపుతా. లేకపోతే మనం తిట్టాల్సినవాడు టచ్‌లైన్ దగ్గర నుంచుని ఉండడు. ఏసీ బాక్సులో ఉంటాడు, కెమెరా అటు తిరగదు. కోచ్ మీద మన కోపం అతనికి మహా చవగ్గా దొరికే ఇన్సూరెన్స్.

2023-24లో హైదరాబాద్ అభిమానులు సింగ్టో గురించి వాదించుకున్నంత సేపు, జీతాలేవి అని యజమానిని నిలదీసి ఉంటే జట్టు మిగిలేదా? చెప్పలేం. కనీసం ఏం పోతోందో తెలిసి పోగొట్టుకునేవాళ్ళం.

ఇప్పుడు రాజోలు నుండో కొత్తపేట నుండో గచ్చిబౌలి వచ్చి పీజీలో దిగిన ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న కుర్రాడు సాయంత్రం ఏ జట్టుని చూడాలి? టీవీలో మాంచెస్టర్‌ని. గోడ అవతల స్టేడియం ఉంది, మనూరాయన పేరుతో. సొంత జట్టే లేదు.